నేల మీద గీతలు – 14: పరిటాల, మునగాల, మధ్యలో నందిగామ

బెజవాడ నుంచి సూర్యాపేటకి 130 కిలోమీటర్ల పైచిలుకు. 1947కు ముందు ఈ దారిన పోయే మనిషి ఐదుసార్లు సరిహద్దు దాటేవాడు. బెజవాడ మద్రాసు ప్రెసిడెన్సీలోది. కొండపల్లి కొండలు వెనకబడ్డాక పరిటాల తగులుతుంది. అది నిజాం ఇలాకా. కాస్త ముందుకెళ్తే కంచికచర్ల, మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ పాలన. నందిగామ, చిల్లకల్లు గడిచి గరికపాడు దగ్గర పాలేరు దాటితే కోదాడ, నిజాం రాజ్యం. కోదాడ తర్వాత వచ్చే మునగాల మళ్ళీ కృష్ణా జిల్లా, అందులోనూ నందిగామ తాలూకా. మునగాల పొలిమేర దాటగానే తిరిగి నిజాం. దారి పొడుగునా మాట ఒకటే, పంట ఒకటే, పెళ్ళిళ్ళు ఇచ్చిపుచ్చుకునేదీ ఈ ఊళ్ళ మధ్యనే. మారేదల్లా ఠాణా మీద జెండా, చేతిలో రూపాయి, కచ్చేరీలో కాగితం మీది భాష.

ఉపఖండాన్ని ప్రాంతాలుగా చూడడం ఎలాగో గత వారం మాట్లాడుకున్నాం. బరోడా విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రం చెప్పిన మన బెండపూడి సుబ్బారావు 1950ల్లో ‘పర్సనాలిటీ ఆఫ్ ఇండియా’ అనే పుస్తకం రాశారు. ఈ మహా భూభాగంలో జనాన్ని ఎప్పుడూ లాక్కునే ప్రాంతాలు కొన్ని, కొంత ఎడంగా ఉండిపోయేవి కొన్ని, పూర్తిగా ఒంటరివి కొన్ని అని ఆయన చూపిన తీరు ఇప్పటికీ పనికొస్తుంది. పెద్ద నదుల మైదానాలు మొదటి రకం. అడవీ కొండా చివరి రకం. మన కృష్ణా డెల్టా మొదటి రకానికి చక్కని ఉదాహరణ. మరి జగ్గయ్యపేట, నందిగామ ఏ రకం? ఈ విభజనలో వీటిని ఎక్కడా సరిగ్గా కూర్చోబెట్టలేమని నాకనిపిస్తుంది. డెల్టాకీ పీఠభూమికీ నడుమ ఉన్న మెట్ట ఇది. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు నడిచే చోటు. అలాంటి చోటును పాలకులు ఎప్పుడూ అంచు అనే అనుకున్నారు. అక్కడ బతికేవాళ్ళకి మాత్రం అది నడిబొడ్డు.

నేల సంగతి ముందు చూద్దాం. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక ఒకే జిల్లా రెండు లోకాలైంది. తూర్పున దివి, గుడివాడ వైపు కాలవలు, వరి, మాగాణి. పడమట నందిగామ వైపు వానను నమ్ముకున్న నల్లరేగడి. జొన్న, పత్తి, మిరప, కంది. ఆనకట్ట ఎగువన ఉండడం వల్ల కృష్ణ పక్కనే పారుతున్నా ఒక్క బొట్టు చేనుకెక్కేది కాదు. జిల్లా కచ్చేరీ మచిలీపట్నంలో ఉంటే మెట్ట రైతు చూపు ఖమ్మం వైపు ఉండేది. అందుకు ఏర్లు కూడా ఒక కారణం. మున్నేరు, వైరా, కట్టలేరు, పాలేరు అన్నీ తెలంగాణ గడ్డ మీద పుట్టి కిందికి దిగేవే. వైరా, కట్టలేరు కీసర దగ్గర మున్నేట్లో కలుస్తాయి, మున్నేరు కృష్ణలో కలుస్తుంది. పైన వాన పడితే ఇక్కడ వరద. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ రహదారి మునిగినప్పుడు రెండు రాష్ట్రాల లారీలూ ఒకే నీళ్ళ ముందు బారులు తీరాయి.

నేల అడుగున సున్నపురాయి. పల్నాడు నుంచి కృష్ణ దాటి జగ్గయ్యపేట దాకా ఒకటే పొర. అమరావతి శిల్పులు చెక్కింది ఆ జాతి రాయినే. ముక్త్యాల, జయంతిపురంలో నేడు సిమెంటు కర్మాగారాలు తవ్వుతున్నదీ ఆ రాయినే.

జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అనే గుట్ట ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించి బౌద్ధ స్తూపాన్ని బయటపెట్టాడు. తూర్పు ద్వారం దగ్గర నిలిపిన ఆయక స్తంభాల మీద ప్రాకృత శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడి 20వ ఏడు, వానకాలంలో ఎనిమిదో పక్షం, పదో రోజు. అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దం. ఆ స్తంభాలు నిలిపినవాడు రాజూ కాదు, సేఠూ కాదు. సిద్ధార్థుడనే పనివాడు. తండ్రిదీ అదే వృత్తి. సొంతూరు కమ్మకరట్టంలోని నడతూరు, కాపురం మహాకందురూరులో, దానం చేసింది వెలగిరి గ్రామంలోని మహాచైత్యానికి. తన తల్లిని, భార్యను, కొడుకును, కూతురును, సోదరుణ్ణి పేరుపేరునా రాయించి, వాళ్ళందరితో కలిసి ఇచ్చానని చెప్పుకున్నాడు. ఈ నేల మీద వలస గురించి మనకు దొరికే పాత కాగితాల్లో ఇంత నిండైనది మరొకటి కనబడదు. ఒక ఊళ్ళో పుట్టి, ఇంకో ఊళ్ళో స్థిరపడి, మూడో ఊళ్ళో ఇంటిల్లిపాది పేర్లూ రాతి మీద చెక్కించిన చేతిపనివాడు. అతను పుట్టిన సీమకు పేరుంది, ఊరికి పేరుంది, వాటిని చెప్పుకోవాలన్న పట్టింపు ఉంది.

అదే గుట్టలో దొరికిన మరో పలక ఇంకా పాతది. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మధ్యలో చక్రవర్తి నిలబడి కుడిచెయ్యి పైకెత్తాడు. పైన మబ్బు. మబ్బులోంచి చదరపు నాణేలు వానలా రాలుతున్నాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, రాణి, మంత్రి, ఒక స్తంభం మీద చక్రం, మరో స్తంభం మీద మణి. అతను మాంధాత అని పండితులు చెబుతారు. బౌద్ధుల కథల్లో మాంధాత నాలుగు మహాద్వీపాలను ఏలినవాడు, జంబూద్వీపం వాటిలో ఒకటి మాత్రమే. ఆ కాలపు ప్రపంచ పటం అది. ఆ పటాన్ని ఈ మెట్ట ఊళ్ళో, పక్క చేలోంచి తీసిన రాయి మీద ఎవరో చెక్కారు. పలక ముందు నిలబడితే ఒకటి బాగా తెలుస్తుంది, దూరపు లోకాన్ని ఊహించుకోవడానికి ఇక్కడివాళ్ళకు రాజధాని అక్కర్లేకపోయింది. ఇప్పటికీ మన ఇళ్ళలో పూజ మొదలుపెడుతూ పురోహితుడు చెప్పే సంకల్పం జంబూద్వీపం దగ్గర బయల్దేరి, మేరువుకు దక్షిణానికి వచ్చి, శ్రీశైలానికి ఈశాన్యంలో, కృష్ణా గోదావరుల నడుమ ఆగుతుంది. నందిగామ ఇంట్లో కూర్చుని వింటే ఆ చిరునామా అక్షరాలా సరిపోతుంది.

తర్వాత వెయ్యేళ్ళ సంగతి ఈ వారం వదిలేస్తున్నాను. కాకతీయులు, రెడ్లు, గజపతులు, కుతుబ్ షాహీలు ఒకరి తర్వాత ఒకరు కొండపల్లి కోట కోసం కొట్టుకున్న కథ ఇంతకుముందే చెప్పుకున్నాం. 17వ శతాబ్దానికి వద్దాం. అప్పటికి గోల్కొండకు సముద్రం మీద వాకిలి మచిలీపట్నం. డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ దిగారు. రేవు నుంచి రాజధానికి పోయే బాట బెజవాడ మీదుగా ఈ మెట్టలోంచే సాగింది. లంబాడీల ఎడ్ల బిడారాలు బీరారు పత్తిని రేవుకు దించి, తిరుగుదారిలో ఉప్పు మోసుకుని లోపలి సీమలకు పోయేవి.

ఇక వజ్రాలు. జగ్గయ్యపేట సీమకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున, కొల్లూరు. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఆ గని చూసి, ఆడా మగా పిల్లా జెల్లా కలిపి 60,000 మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. అతను వర్ణించిన పని తీరు ఇది. ముందు తవ్వే చోటు పక్కన నేల చదును చేసి చుట్టూ పిట్టగోడ కడతారు. మగవాళ్ళు పది, పన్నెండు అడుగులు, నీరు పడేదాకా తవ్వుతారు. ఆడవాళ్ళూ పిల్లలూ ఆ మట్టిని గోడ లోపలికి మోస్తారు. గుంటలో ఊరిన నీళ్ళను కుండలతో తోడి ఆ మట్టి మీదే పోసి, పలచబడేదాకా ఒకటి రెండు రోజులు నాననిస్తారు. గోడకు కన్నాలు తీసి బురదనీరు వదిలేస్తారు. మిగిలిన ఇసుకను ఎండబెట్టి చేటలతో చెరుగుతారు. గడ్డలుంటే రోకళ్ళతో దంచి మళ్ళీ చెరుగుతారు. ఆఖరుకి ఆ చదునులో అందరూ వంగి చేతులతో ఏరుకుంటారు. చెరగడం, దంచడం, ఏరడం, ఇవన్నీ కళ్ళంలో పనులే. జొన్నలు చెరిగిన చేతులే వజ్రాలు చెరిగాయి. అసలు కొల్లూరు గని బయటపడింది కూడా చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న బీదవాడికి 25 కారట్ల దాకా తూగే రాయి దొరికినప్పుడేనని తవెర్నియే విన్నాడు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. వానలు పడ్డాక చందర్లపాడు మండలం గుడిమెట్ల గుట్టల మీదికి దూరపు జిల్లాల నుంచి కూడా జనం వచ్చి, సద్దిమూటలు పక్కన పెట్టుకుని, నేలకేసి చూస్తూ పొద్దంతా రాళ్ళు ఏరడం మాత్రం ఇవాళ్టికీ ఉంది.

సరిహద్దుల చిక్కు పుట్టింది ఈ రాళ్ళ వల్లే. 1766 నవంబరులో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కార్లను కంపెనీకి ఒప్పగించాడు. కొండపల్లి సర్కారు, దానితో పాటు నందిగామ సీమ, కంపెనీ చేతికొచ్చాయి. అయితే పరిటాల చుట్టూ వజ్రాల గనులున్న ఏడు ఊళ్ళను నిజాం తనకే అట్టేపెట్టుకున్నాడు. గని ఆత్కూరు, బత్తినపాడు, మొగులూరు, ఉస్తేపల్లి వాటిలోవే. చుట్టూ కంపెనీ రాజ్యం, మధ్యలో నిజాం జాగీరు. పారిస్ లూవ్ర్‌లో ఉన్న రీజెంట్ వజ్రం పరిటాలలో దొరికిందేనని చాలాకాలంగా చెప్పుకుంటారు. గనులు వట్టిపోయాయి. ఊళ్ళు మాత్రం 180 ఏళ్ళు నిజాంవిగానే ఉండిపోయాయి. మునగాలది తిరగబడిన కథ. ఆ జమీందారీ కొండపల్లి సర్కారు లెక్కల్లో ఉండడంతో కంపెనీకి వచ్చింది. చుట్టూ నిజాం నేల, మధ్యలో కృష్ణా జిల్లా ముక్క.

చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఈ కొత్త సరిహద్దు లాభం ఏమిటో బాగా పసిగట్టాడు. 18వ శతాబ్దం చివర్లో, పాలేటికి ఇవతల, నిజాం రాజ్యం కనుచూపు మేరలో ఉన్న బేతవోలును పట్నంగా పెంచి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. రెండు పాలనలు కలిసేచోట అంగడి పెడితే రెండు వైపుల సరుకూ వస్తుంది. జగ్గయ్యపేట కోమట్లు, కంసాలులు, వడ్రంగులు తరతరాలుగా బతికింది ఆ బేరం మీదే. 1889లో నిజాం రైలు బెజవాడ చేరినా, అది మధిర మీదుగా పోయి పేటనూ నందిగామనూ తప్పించింది. అయినా పేట బజారు చిక్కిపోలేదు. బండ్లు, తర్వాత బస్సులు, లారీలు పాత బాటనే పట్టుకున్నాయి.

సరిహద్దు పక్కన బతుకు ఎలా ఉండేదంటే, కోదాడ సంతలో చెల్లేది హాలీ సిక్కా, పేట బజారులో చెల్లేది కల్దారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు. సరుకు దాటితే నిజాం కరోడ్‌గిరీ నాకా దగ్గర సుంకం. అటు కచ్చేరీల్లో ఉర్దూ, ఇటు కలెక్టరాఫీసులో ఇంగ్లీషు. తెలుగు రెండు చోట్లా గడప బయటే. అటు సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 కింద ముందు అనుమతి తెచ్చుకోవాలి. దొరల వెట్టి ఓర్చుకోలేని కుటుంబాలు రాత్రికి రాత్రి పాలేరు దాటి ఇటు చుట్టాల ఇళ్ళకు చేరేవి. ఇటువైపు జమీందారీల్లో జులుం లేదని కాదు. మునగాల రైతులు తమ జమీందారు మీద ఏళ్ళ తరబడి పోరాడారు. మునగాల రాజా నాయని వెంకటరంగారావు తెలుగు గ్రంథాలయాలకు, పుస్తకాలకు చేసిన మేలు గొప్పది. రైతుల గోడు కూడా అంతే నిజం. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం చరిత్ర అనిపించుకోదు.

ఆ రాజా దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు మున్నేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో 1877లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తెలంగాణలో కొంతకాలం పెరిగి, అక్క భండారు అచ్చమాంబ దగ్గర నాగపూరులో చదివి, మరాఠీ పండితుల మధ్య చరిత్ర రచన నేర్చుకుని, మునగాల వచ్చాడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి, ఆ తర్వాత మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. తెలుగువాడికి లోకమంతటినీ తెలుగులో చదివించాలన్నది ఆయన పట్టుదల. మండలి మొదటి పుస్తకం ఎక్కడో అమెరికాలోని అబ్రహాం లింకన్ జీవితచరిత్ర, రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. అచ్చమాంబ కూడా తక్కువేమీ కాదు. పెళ్ళయ్యాక ఇంట్లోనే చదువు నేర్చుకుని, దేశంలోని అన్ని ప్రాంతాల స్త్రీల జీవితాలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. 1905లో చనిపోయేనాటికి ఆమెకు ముప్పై ఒకటో ఏడు దాటలేదు. నిజాం నేల, మధ్య పరగణాలు, మద్రాసు, మూడూ ఒక ఇంటి అనుభవంలోకి వచ్చిన పిల్లలు వీళ్ళు. తెలుగువాళ్ళందరినీ ఒకే జనంగా చూడాలన్న ఆలోచన డెల్టా నడుమ పుట్టి ఉంటే అది పుస్తకాల్లోంచి వచ్చి ఉండేది. వీళ్ళకది ఇంటి గడప దగ్గరే తెలిసిన సంగతి. నందిగామలో పుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావు విశాలాంధ్ర ఉద్యమానికి ముందు నిలబడి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు కావడం కూడా నాకు యాదృచ్ఛికమని తోచదు. పొలిమేర ఊళ్ళలో పుట్టినవాళ్ళకే గీతల వల్ల కలిగే నష్టం ఒంటికి తెలుస్తుంది.

పెనుగంచిప్రోలు అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది తిరుపతమ్మ తల్లి. అనిగండ్లపాడు ఆడపడుచు, పెనుగంచిప్రోలు కాకాని వారి కోడలు. కథలో ఆమె భర్త గోపయ్య కరువు కాలంలో ఆవులను తోలుకుని ఉత్తరాన అడవులకు మేపు కోసం పోయి పులి నోట పడతాడు. ఈ భాగాన్ని నేను ఎప్పుడూ భూగోళంగానే చదువుకుంటాను. మెట్టలో గడ్డి ఎండితే మంద ఏ దిక్కుకు పోతుందో, ఎంత దూరం పోతుందో అందులో ఉంది. తిరునాళ్ళకు ఖమ్మం, నల్గొండ, గుంటూరు, కృష్ణా బండ్లు ఒకే మున్నేటి ఇసుకలో దిగేవి. రెండేళ్ళకోసారి అమ్మవారి విగ్రహాలను రంగులు వేయడానికి జగ్గయ్యపేటకు ఊరేగింపుగా తీసుకెళ్తారు. కొత్త రంగులతో తల్లి తిరిగి వచ్చేదాకా దారి పొడుగునా ఊళ్ళు కాసుకుని ఉంటాయి. ఆ దారి ఏ సర్వేయరూ గీసింది కాదు.

1947 ఆగస్టు తర్వాత ఈ గీతలన్నీ ఒక్కసారిగా మండాయి. నిజాం భారతదేశంలో చేరనన్నాడు. రజాకార్ల దాడులకు తట్టుకోలేక వేల కుటుంబాలు కృష్ణా జిల్లా ఊళ్ళకు వచ్చిపడ్డాయి. సరిహద్దు వెంట కాంగ్రెస్ శిబిరాలు వెలిశాయి. కమ్యూనిస్టు దళాలకు ఇటునుంచే ఆయుధాలు, పత్రికలు, తిండి. పరిటాలవాళ్ళకైతే అది ఇంటి సమస్య. చుట్టూ స్వతంత్ర భారతం, తాము నిజాం ప్రజలు. ఆ ఏడు ఊళ్ళ జనం తిరగబడి నిజాం అధికారాన్ని కాదన్నారు, తమ పాలన తామే ప్రకటించుకుని మాదపాటి రామచంద్రరావును అధ్యక్షుడిగా పెట్టుకున్నారు. 1948 సెప్టెంబరు 13న సైన్యం బెజవాడ బాట వెంట కదిలి ఆ రోజు పొద్దున్నే కోదాడ పట్టుకుంది. వెనక్కి తగ్గిన నిజాం బలగాలు సూర్యాపేట దగ్గర మూసీ వంతెన పేల్చేశాయి. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. పరిటాల ఊళ్ళు కృష్ణా జిల్లాలో కలిశాయి. 1956లో రాష్ట్రం ఒకటయ్యాక మునగాల నల్గొండ జిల్లాకు పోయింది. మనకంటే ఆలస్యంగా ఇలాంటి చిక్కు విడిపించుకున్నది కూచ్‌బిహార్ సరిహద్దు. అక్కడ భారత్, బంగ్లాదేశ్ నేలల్లో ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న 162 ముక్కలను 2015 జులై 31 అర్ధరాత్రి మార్చుకున్నారు. అప్పటిదాకా ఆ జనానికి ఏ దేశపు ఓటూ లేదు, బడీ లేదు.

2014 జూన్ 2న పాలేరు మళ్ళీ సరిహద్దయింది. 2020 కరోనా రోజుల్లో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర హైదరాబాదు నుంచి సొంతూళ్ళకు బయల్దేరిన పిల్లలు, చంకన బిడ్డలతో తల్లులు గంటల కొద్దీ నిలబడిపోయారు. 2022లో కొత్త జిల్లాలు వచ్చి ఈ మెట్ట ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. కృష్ణా జిల్లా అన్న పేరు మచిలీపట్నం వైపే ఉండిపోయింది. చట్టాలు, పేర్లు మారొచ్చు. తప్పు పట్టాల్సింది అందులో కాదు. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, గీత గీసిన ప్రతిసారీ గీత మీద ఉన్న ఊళ్ళను అడిగినవాడు లేడు.

నీళ్ళ దగ్గర ఈ మాట మరీ నిజం. 1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీరు వదిలాక, వందేళ్ళ పైగా డెల్టా పచ్చదనాన్ని దూరం నుంచి చూసిన నందిగామ, జగ్గయ్యపేట మెట్టకు ఎడమ కాలవ వచ్చింది. ఆ కాలవ నల్గొండ దాటి, పాలేరు జలాశయం నింపి, ఖమ్మం చేలు తడిపి, చివరికి ఇక్కడికి చేరుతుంది. ఇప్పుడు ఎగువ భాగం ఒక రాష్ట్రం, చివరి భాగం మరో రాష్ట్రం. వర్షాభావం వచ్చిన ఏడు ఆఖరి తూము దగ్గర రైతు ముందు ఖమ్మం వైపు చూస్తాడు, తర్వాతే అమరావతి వైపు. అసలు ఆ ఆనకట్ట నందికొండ దగ్గరే కట్టాలని, కృష్ణ నీటిని మద్రాసు వైపు మళ్ళించే ప్రణాళిక ఆగాలని పట్టుబట్టినవారు ఈ మెట్టవారే. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఇంజనీర్లను వెంటబెట్టుకుని నందికొండ లోయకు వెళ్ళిన కథ, 1952లో ఖోస్లా కమిటీ అక్కడికి చేరడానికి బాట వేయించిన కథ వచ్చే వారం.